ల్యాబ్‌కి పెప్టైడ్ కొంటున్నారా? 95% అన్న అంకె దగ్గరే ఆగిపోకండి

మూడు కొటేషన్లు ముందేసుకుని కూర్చున్నారు అనుకుందాం. మూడింట్లోనూ పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) పేరు ఒకటే, ఎల్‌ఎల్-37. బరువు ఒకటే, 5 మిల్లీగ్రాములు. ప్యూరిటీ ఒకటే, 95 శాతానికి పైన. ధర మాత్రం ఒకరిది ₹12,000, ఒకరిది ₹15,000, మూడోవాళ్లది ఇంకా ఎక్కువ (ఈ ధరలు లెక్క కోసం నేను వేసుకున్నవి, మార్కెట్ రేట్లు కావు). స్టోర్స్ సెక్షన్ నుంచి ఫోన్ మీద ఫోను, కంపారిటివ్ స్టేట్‌మెంట్ ఎప్పుడు పంపిస్తారని. అన్నీ ఒకటే అయినప్పుడు తక్కువ కోట్ చేసినవాళ్లే ఎల్1, సంతకం పెట్టి పంపేస్తే పని అయిపోతుంది, మార్చి నెలాఖరైతే ఇంక ఆలోచించే తీరిక కూడా ఉండదు. నేనూ చాలాసార్లు అలాగే పంపించాను. ఆ కాగితాల మీద ఒకేలా కనిపించేవి ఒకే సరుకు కాదని తర్వాత దెబ్బ తిని తెలుసుకున్నాను.

ఎల్‌ఎల్-37నే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానంటే, మన తెల్ల రక్తకణాల్లో, చర్మంలో తయారయ్యే ఈ యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ చాలా ల్యాబుల్లో కనిపిస్తుంది. 37 అమైనో ఆమ్లాలు, మొదటి రెండూ ల్యూసిన్లు (ఒక్క అక్షరంలో రాస్తే ఎల్), పేరు అలా వచ్చిందే. మన హైదరాబాద్‌కి కూడా ఈ రంగంతో పాత చుట్టరికం ఉంది, సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ గారి బృందం దశాబ్దాలపాటు యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ల మీదే పనిచేసింది.

ముందు ఆ 95 ఏమిటో చూద్దాం. మిశ్రమాన్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో సి18 కాలమ్ మీద పెప్టైడ్‌ని ఎక్కించి, అసిటోనైట్రైల్ శాతం పెంచుకుంటూ పోయి, 214 లేదా 220 నానోమీటర్ల దగ్గర వెలుగును ఎంత పీల్చుకుంటోందో చూస్తారు. గ్రాఫు మీద వచ్చిన పీకులన్నిటి వైశాల్యంలో పెద్ద పీక్ వాటా ఎంతో అదే ప్యూరిటీ. అంటే ఆ తరంగదైర్ఘ్యం దగ్గర కనిపించే వస్తువుల్లో మాత్రమే 95 శాతం. నీళ్లు కనిపించవు. ఉప్పు కనిపించదు. ప్యూరిఫికేషన్‌లో వాడిన ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం, అదే టీఎఫ్‌ఏ, పెప్టైడ్‌కి అంటుకుని పొడిలో భాగమైపోతుంది, అది కూడా ఈ అంకెలోకి రాదు. కానీ తూకంలోకి మాత్రం ఇవన్నీ వస్తాయి.

బంగారు షాపులో రాళ్ల నెక్లెస్ కొన్నవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. 916 హాల్‌మార్క్ నిజమే, బంగారం 22 క్యారెట్లే, కానీ బిల్లు మీద గ్రాస్ వెయిట్ ఒకటి, రాళ్లు తీసేసిన నెట్ వెయిట్ ఒకటి ఉంటాయి. రాళ్లని కూడా బంగారం రేటుకి కట్టి ఇస్తే ఇంట్లో అమ్మ ఊరుకుంటుందా? పెప్టైడ్ దగ్గరికి వచ్చేసరికి పీహెచ్‌డీలు చేసినవాళ్లం కూడా హాల్‌మార్క్ చూసి డబ్బు కట్టేస్తున్నాం, నెట్ వెయిట్ అడగడం లేదు. దీనికి పెప్టైడ్ వాళ్లు వాడే మాట నెట్ పెప్టైడ్ కంటెంట్.

ఎల్‌ఎల్-37కి ఆ లెక్క వేద్దాం, కాగితం కలం చాలు. ఇందులో లైసిన్లు 6, ఆర్జినిన్లు 5, మొదట్లో ఉన్న ఎన్-చివర ఒకటి, మొత్తం 12 చోట్ల ధనావేశం ఉంటుంది, ఒక్కోదానికి ఒక టీఎఫ్‌ఏ అంటుకుంటుంది. టీఎఫ్‌ఏ బరువు 114, పన్నెండు కలిపి 1368. పెప్టైడ్ బరువు 4493. రెండూ కలిపిన దాంట్లో పెప్టైడ్ వాటా 77 శాతం లోపే. దానిమీద ఓ 6 శాతం తేమ వేసుకోండి, 72కి దిగింది. అంటే 5 మిల్లీగ్రాముల వయల్‌లో పెప్టైడ్ 3.6 మిల్లీగ్రాములు, అందులో 95 శాతం మీరు అడిగినది, అంటే 3.42.

ఇప్పుడు కొటేషన్లకి రండి. ₹12,000 వాళ్లు గ్రాస్ వెయిట్ ఇస్తున్నారు, మీకు పనికొచ్చేది 3.42 మిల్లీగ్రాములు, మిల్లీగ్రాముకి దాదాపు ₹3,500. ₹15,000 వాళ్లు 5 మిల్లీగ్రాముల నెట్ పెప్టైడ్ ఇస్తామని అడుగున చిన్న అక్షరాల్లో రాశారు, 95 శాతం లెక్కన 4.75, మిల్లీగ్రాముకి ₹3,160 లోపు. ఎల్1 ఎవరు? కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో ఆ చిన్న అక్షరాలకి గడి లేదు కాబట్టి ఆర్డరు మొదటివాళ్లకే పోతుంది, ప్రభుత్వ డబ్బు ఆదా చేశామని ఫైల్ కూడా మూస్తారు.

డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు దెబ్బ ప్రయోగం మీద పడుతుంది. మా దగ్గర ఒకసారి ఏమైందంటే, మొదటి వయల్ నెట్ బరువుతో వచ్చింది, ఆరు నెలల తర్వాత వేరే చోట కొన్నది గ్రాస్ బరువుతో వచ్చింది, రెండిటి మీదా 1 మిల్లీగ్రాము అనే ఉంది, మేం రెండిటికీ ఒకే పరిమాణంలో నీళ్లు పోశాం. 100 మైక్రోమోలార్ అనుకున్న స్టాకు నిజానికి డెబ్బైల్లో ఉంది. ఈ.కొలై మీద ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస గాఢత) ఒక మెట్టు పైకి జరిగింది. మూడు వారాలు స్ట్రెయిన్‌ని అనుమానించాం, మీడియాని అనుమానించాం, చివరికి పాపం కొత్తగా చేరిన ఎమ్మెస్సీ అమ్మాయి చేతిని అనుమానించాం, ఒక్కళ్లం కూడా వయల్ లేబుల్‌ని అనుమానించలేదు.

ఇంకో చిక్కు ఏమిటంటే ఎల్‌ఎల్-37లో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసిన్ లేదు, కాబట్టి నానోడ్రాప్ యంత్రంలో 280 నానోమీటర్ల వెలుగు దగ్గర కొలిచి గాఢత చూసుకునే దారి మూసుకుపోయింది. 205 దగ్గర కొలవచ్చు, లేదంటే అమైనో ఆసిడ్ అనాలిసిస్ (పెప్టైడ్‌ని విడగొట్టి ఏ అమైనో ఆమ్లం ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించుకోవాలి. మీ పెప్టైడ్‌లో ట్రిప్టోఫాన్ ఉంటే అదృష్టవంతులు, కరిగించిన రోజే 280 రీడింగ్ తీసి రాసుకోండి, కంపెనీ చెప్పిన బరువు నిజమో కాదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అసలు దీన్ని చేసేది ఎలా, ఖరీదు ఎక్కడ పెరుగుతుంది

1963లో బ్రూస్ మెరిఫీల్డ్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ ఆధారం, 1984లో ఆయనకి నోబెల్ వచ్చింది కూడా దీనికే. రెసిన్ గుళికకి ఒక అమైనో ఆమ్లాన్ని కట్టి, దాని మీద ఇంకోదాన్ని, దాని మీద ఇంకోదాన్ని, మాల కట్టినట్టు కట్టుకుంటూ పోతారు, సి-చివర (గొలుసు తోక) నుంచి ఎన్-చివర (గొలుసు మొదలు) వైపుకి. ప్రతి అమైనో ఆమ్లానికీ ఎఫ్‌మోక్ అనే టోపీ ఉంటుంది, పిపెరిడిన్‌తో టోపీ తీసి తర్వాతిదాన్ని తగిలిస్తారు, అంతా అయ్యాక టీఎఫ్‌ఏతో రెసిన్ నుంచి కోసేస్తారు. గుళిక జాలీలో నిలిచిపోతుంది కాబట్టి మిగిలిపోయిన కెమికల్స్‌ని కడిగేస్తే చాలు, ప్రతి మెట్టు దగ్గరా విడిగా శుద్ధి చేసే పని లేదు.

ఈ సుఖంలోనే కష్టం కూడా ఉంది. మధ్యలో శుద్ధి లేదు కాబట్టి ప్రతి మెట్టు తప్పూ చివరిదాకా మోసుకొస్తుంది. ఎల్‌ఎల్-37కి 36 కప్లింగులు, అంటే అతుకులు కావాలి. ఒక్కోటి 99 శాతం సరిగ్గా జరిగితే చివరికి సరైన గొలుసులు 70 శాతం. 98 శాతమే జరిగితే 48. 99.5 జరిగితే 83. ఒక్క శాతం తేడాకి దిగుబడి ఎక్కడినుంచి ఎక్కడికి పడిపోయిందో చూడండి. అదే 10 అమైనో ఆమ్లాల పెప్టైడ్ అయితే 98 శాతం కప్లింగుతో కూడా 83 వస్తుంది, అందుకే చిన్న పెప్టైడ్లని ఎవరి దగ్గర కొన్నా పెద్దగా మోసపోరు, పొడుగు పెరిగేకొద్దీ చేసేవాళ్ల పనితనం బయటపడుతుంది. 40, 50 దాటాక రసాయనికంగా చేయించడం కన్నా బ్యాక్టీరియాలో రీకాంబినెంట్‌గా తీయించుకోవడమో, రెండు ముక్కలుగా చేసి అతికించడమో మేలేమో అని కూడా అడగండి.

మైక్రోవేవ్ సింథసైజర్లు వచ్చాక పని గంటల్లో అవుతోంది, మంచిదే, కానీ వేడికి సిస్టీన్, హిస్టిడిన్ లాంటివి అద్దంలో ప్రతిబింబంలా తిరగబడే ప్రమాదం ఉంటుంది. తిరగబడినా బరువు మారదు కాబట్టి అణువు బరువు చూపే మాస్ స్పెక్ట్రమ్ దాన్ని పట్టుకోలేదు. మీ సీక్వెన్స్‌లో అవి ఉంటే ఏ జాగ్రత్త తీసుకున్నారని ఒక మాట అడిగి చూడండి. జవాబు ఇచ్చే తీరులోనే అవతల కెమిస్ట్ ఉన్నాడో, మెయిల్ ఫార్వర్డ్ చేసే సేల్స్ మనిషి మాత్రమే ఉన్నాడో తెలిసిపోతుంది.

సీక్వెన్స్ స్వభావం కూడా ధరలో భాగమే. ఎల్‌ఎల్-37 పొడుగే గానీ మనసు మంచిది, సిస్టీన్ లేదు, మెథయొనిన్ లేదు, ఆక్సీకరణ గొడవ తక్కువ. ఉన్న ఐదు ఆర్జినిన్ల మీద పీబీఎఫ్ అనే రక్షణ గుంపులు పూర్తిగా ఊడిపోయేంతసేపు టీఎఫ్‌ఏలో ఉంచాలి, అంతే. అల్జీమర్స్ వాళ్లు వాడే అమైలాయిడ్ బీటా 1-42 దీనికి పూర్తిగా ఎదురు. 35వ స్థానంలో మెథయొనిన్, చివరంతా నీళ్లంటే పడని అమైనో ఆమ్లాలు, చేస్తున్నప్పుడే ముద్ద కట్టేస్తుంది, కాలమ్ మీద పీక్ బండలా సాగుతుంది. దాన్ని ఎవరైనా మామూలు పెప్టైడ్ రేటుకి, రెండు వారాల్లో, 98 శాతంతో ఇస్తామంటే నేనైతే ఆ కొటేషన్ పక్కన పెట్టేస్తాను.

ఎంత ప్యూరిటీ కొనాలి

ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకుని అందరూ 98 అడుగుతారు. 80 నుంచి 95కి వెళ్లేటప్పుడు, 95 నుంచి 98కి వెళ్లేటప్పుడు కాలమ్ మీద మంచి సరుకే చాలా పారబోయాల్సి వస్తుంది, ఆ నష్టమంతా మీ బిల్లులోకే వస్తుంది. అవసరం లేని చోట అది దండగ.

యాంటీబాడీ ఏ ముక్కని పట్టుకుంటోందో వెతకడానికి వంద పెప్టైడ్లు వరసగా పరీక్షిస్తున్నారంటే క్రూడ్ (శుద్ధి చేయనిది) చాలు, పట్టుకున్నవాటిని మాత్రం మళ్లీ శుద్ధిగా చేయించి చూసుకోవాలి. కుందేలులో యాంటీబాడీ పెంచడానికి 75, 80 సరిపోతుంది, కుందేలు ఎలాగూ రకరకాల యాంటీబాడీలు చేస్తుంది, అక్కడ ప్యూరిటీ కన్నా కేఎల్‌హెచ్ అనే పెద్ద ప్రొటీన్‌కి అతికించడానికి చివర్లో ఒక సిస్టీన్ పెట్టించడం మర్చిపోకుండా ఉండటం ముఖ్యం. కణాల మీద, రిసెప్టర్ల మీద, బ్యాక్టీరియా మీద అంకెలు తీసే పనికి 95. ఎన్‌ఎంఆర్, క్రిస్టల్ లాంటి నిర్మాణ పనులకి 98. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ప్రొటీన్ ఎంతుందో లెక్కపెట్టడానికి బరువైన ఐసోటోపులు పెట్టిన ప్రామాణిక పెప్టైడ్ కొనేటప్పుడైతే ప్యూరిటీ కన్నా అమైనో ఆసిడ్ అనాలిసిస్‌తో తేల్చిన గాఢత ముఖ్యం, అది లేకపోతే ఆ కొలబద్దకి గీతలు లేనట్టే.

టీ-కణాల (రోగనిరోధక కణాల) పరీక్షలది మాత్రం వేరే కథ, ఇక్కడ శాతాల లెక్క పనిచేయదు. 2008లో హెచ్‌ఐవీ టీకా పరిశోధకులు ప్రచురించిన సంగతి ఒకటుంది. బయటి సప్లయర్లు చేసిచ్చిన పెప్టైడ్ లైబ్రరీలతో టీ-కణాలు చక్కగా స్పందిస్తున్నాయి, ఆనందపడాల్సిందే, కానీ లోతుగా తవ్వితే ఒక హెచ్‌ఐవీ పెప్టైడ్ల సెట్‌లో సైటోమెగాలోవైరస్ పెప్టైడ్ ఒకటి కలిసిపోయి ఉందని తేలింది. కణాలు స్పందించింది హెచ్‌ఐవీకి కాదు, ఆ కల్తీకి. ఇలాంటి కలుషిత పెప్టైడ్లు ఒక్క చోట కాదు, సంబంధం లేని ఇద్దరు సప్లయర్ల దగ్గర దొరికాయి. ఒకే యంత్రం మీద ఒకరి తర్వాత ఒకరి ఆర్డర్లు చేస్తారు, ప్యూరిఫై చేసే కాలమ్ కూడా అందరిదీ అదే. టీ-కణానికి రవ్వంత చాలు, 99 శాతం ప్యూరిటీ ఉన్నా ఆ మిగతా ఒక్క శాతంలో ఏముందన్నదే ప్రశ్న. ఇలాంటి పనికైతే ఫలితం వచ్చాక అదే పెప్టైడ్‌ని వేరే చోట, వేరే బ్యాచ్‌గా చేయించి మళ్లీ చూడటం తప్ప నమ్మకమైన దారి లేదు.

టీఎఫ్‌ఏ ఉంచుకోవాలా, తీయించుకోవాలా

చాలా కొటేషన్లలో ఈ మాటే ఉండదు, అడక్కపోతే టీఎఫ్‌ఏ లవణమే వస్తుంది. యాంటీబాడీ పనికి, ప్లేటుకి అతికించే పనికి ఫర్వాలేదు. కణాల పనికి మాత్రం ఒకసారి ఆగండి, ఎముక కణాల పెరుగుదలని టీఎఫ్‌ఏ నానోమోలార్ స్థాయిలోనే తగ్గించడం 1990ల చివర్లోనే చూశారు. ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో ఆకారం చూసే పద్ధతి) చేసేవాళ్లకైతే ఇంకా ఇబ్బంది, టీఎఫ్‌ఏ సరిగ్గా 1673 దగ్గర, అమైడ్-1 పట్టీ మీదే వచ్చి కూర్చుంటుంది, హెలిక్స్ ఎంతో షీట్ ఎంతో చెప్పాల్సిన చోటే బురద. అసిటేట్‌కో క్లోరైడ్‌కో మార్చి ఇమ్మంటే ఇస్తారు, కొంచెం ఖర్చు, కొంచెం పెప్టైడ్ నష్టం. సీడీ (సర్క్యులర్ డైక్రోయిజమ్) చేసేవాళ్లు క్లోరైడ్ వద్దనుకోవచ్చు, అది తక్కువ తరంగదైర్ఘ్యాల దగ్గర వెలుగుని మింగేస్తుంది. ఎల్‌ఎల్-37 లాగా ధనావేశం ఎక్కువున్న పెప్టైడ్‌కి ఈ ఎంపిక మరీ ముఖ్యం, అణువుకి పన్నెండు టీఎఫ్‌ఏలు మోస్తుంది మరి.

మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు వాడేవాళ్లు ఎండోటాక్సిన్ పరీక్ష కూడా అడగాలి. పెప్టైడ్‌ని రసాయనికంగా చేశారు కాబట్టి బ్యాక్టీరియా విషం ఎక్కడిది అనుకోకండి, కడిగే నీళ్లలోంచి, గాజు సామానులోంచి, ఫ్రీజ్ డ్రైయర్‌లోంచి వస్తుంది. అది వచ్చి కణాల మీదున్న టీఎల్‌ఆర్4 అనే రిసెప్టర్‌ని తడితే మీ పెప్టైడే పని చేసిందని మీరు పేపర్ రాస్తారు.

సీఓఏ చదవడం

సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ అందరూ ఇస్తారు. మొదట చూడాల్సింది లాట్ నంబరు, వయల్ మీదున్నదీ కాగితం మీదున్నదీ ఒకటేనా అని. రెండోది, పోయినసారి కొన్న లాట్ కాగితం తీసి పక్కన పెట్టండి. రెండు వేర్వేరు బ్యాచ్‌ల క్రొమాటోగ్రామ్‌లు ఎప్పుడూ చిన్న చిన్న పీకులతో సహా ఒకేలా ఉండవు. అచ్చుగుద్దినట్టు ఉంటే, రిటెన్షన్ టైమ్ దశాంశాలు కూడా మారకపోతే, అది పాత కాగితానికి కొత్త తారీఖు.

తర్వాత గ్రేడియెంట్ చూడండి. పది నిమిషాల్లో అసిటోనైట్రైల్‌ని 5 నుంచి 95కి లాక్కెళ్లిపోతే అన్నీ ఒకే పీక్ కింద దూరిపోతాయి, ఒక్క అమైనో ఆమ్లం తప్పిపోయిన గొలుసు అసలు గొలుసు పక్కనే అంటిపెట్టుకుని వస్తుంది కదా, దాన్ని విడదీయాలంటే నిమిషానికి ఒక శాతం చొప్పున మెల్లగా వెళ్లాలి. ఏ తరంగదైర్ఘ్యం అన్నది కూడా చూడండి, 280 దగ్గర తీస్తే ట్రిప్టోఫాన్, టైరోసిన్ లేని మలినాలు గప్‌చుప్. ఎక్కించిన పరిమాణం మరీ తక్కువైనా చిన్న పీకులు గీతలో కలిసిపోయి ప్యూరిటీ అందంగా కనిపిస్తుంది. క్రొమాటోగ్రామ్ బొమ్మ లేకుండా అంకె మాత్రమే ఇచ్చిన సీఓఏకి నా దృష్టిలో విలువ లేదు.

మాస్ స్పెక్ట్రమ్‌ని వాళ్లు చెప్పిన ముక్కతో సరిపెట్టుకోకుండా మీరే ఒకసారి లెక్కేయండి. ఎల్‌ఎల్-37 అయితే ఈఎస్ఐ అనే మాస్ పద్ధతిలో 1124.3, 899.7, 749.9 దగ్గర పీకులు రావాలి, నాలుగు, ఐదు, ఆరు ఆవేశాలవి. లెక్కగట్టిన బరువు 113 తగ్గితే ఒక ల్యూసిన్ లేదా ఐసోల్యూసిన్ తప్పింది, 128 తగ్గితే లైసిన్ లేదా గ్లుటమిన్, 156 తగ్గితే ఆర్జినిన్. 56 పెరిగితే టెర్షియరీ బ్యూటైల్ అంటుకుంది, 252 పెరిగితే ఒక ఆర్జినిన్ మీద పీబీఎఫ్ అలాగే ఉంది. చివర అమైడ్ అడిగితే ఆమ్లం వచ్చిందా అన్నది ఒక్క డాల్టన్ తేడా, పాత యంత్రం మీద సులువుగా తప్పిపోతుంది, అందుకే ఆర్డరులోనే చివరలు రెండూ స్పష్టంగా రాయాలి. మాస్ సరిగ్గా ఉందంటే సరైన అణువు ఉందని మాత్రమే అర్థం, ఎంత ఉందో అది చెప్పదు.

ఎవరి దగ్గర కొనాలి

1971 నుంచీ పెప్టైడ్ల మీదే ఉన్న స్విట్జర్లాండ్ బాకెమ్ లాంటి పాత యూరప్ కంపెనీల క్యాటలాగ్ పెప్టైడ్లు ఖరీదే, కానీ కాగితాలు నిండుగా ఉంటాయి, అడిగితే నెట్ కంటెంట్ దొరుకుతుంది. అందరికీ తెలిసిన సీక్వెన్స్ అయి, ఫలితాన్ని పాత పేపర్లతో పోల్చాల్సి ఉంటే నేను ఇటువైపే మొగ్గుతాను. చైనా కస్టమ్ సింథసిస్ ధరలో ముందుంటుంది, కొత్త సీక్వెన్సులు, పెద్ద లైబ్రరీలు అయితే వాళ్లని కాదనలేం, కాకపోతే నాణ్యత కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఇండియాలో అమ్మే ఏజెంటుకి కెమిస్ట్రీ తెలియకపోవచ్చు, కస్టమ్స్‌లో పార్సిల్ నిలిచిపోతే మే నెల ఎండలో అది ఏ గోడౌన్‌లో ఉందో దేవుడికే తెలియాలి. పొడిగా ఫ్రీజ్ డ్రై చేసిన పెప్టైడ్ కొన్ని రోజుల వేడికి సాధారణంగా తట్టుకుంటుంది, ద్రావణం రూపంలో మాత్రం తెప్పించకండి.

మన దగ్గరి పరిస్థితి విచిత్రంగా ఉంటుంది. పెప్టైడ్ల ముడిసరుకైన రక్షిత అమైనో ఆమ్లాలు దివీస్ చేస్తుంది, న్యూలాండ్‌కి పెప్టైడ్ మందుల పని ఉంది, రెండూ హైదరాబాద్ కంపెనీలే, కానీ వాళ్ల లోకం కిలోలది, 5 మిల్లీగ్రాముల ఆర్డరు పట్టుకుని ఆ గేటు దగ్గరికి వెళ్లలేం. చిన్న పరిమాణాల్లో చేసిచ్చే దేశీ సంస్థలతో ఉన్న పెద్ద లాభం, ఫోన్ చేస్తే చేసిన మనిషితోనే మాట్లాడొచ్చు, పీక్ నచ్చకపోతే వయల్ వెనక్కి పంపొచ్చు, రూపాయల్లో బిల్లు. మొదటిసారి ఇచ్చేటప్పుడు చిన్న, తేలిక పెప్టైడ్ ఒకటి చేయించి, బయట ఎక్కడైనా ఎల్‌సీఎంఎస్ చేయించి చూసుకుని, అప్పుడు పెద్దది ఇవ్వండి.

సొంతంగా చేసుకోవడం? ఏడాదికి పది పెప్టైడ్లు వాడే ల్యాబ్‌కి అనవసరం. సింథసైజర్ కొనడంతో అయిపోదు, ప్రిపరేటివ్ హెచ్‌పీఎల్‌సీ, మాస్, ఫ్రీజ్ డ్రైయర్, డీఎంఎఫ్, టీఎఫ్‌ఏ పోయడానికి మంచి ఫ్యూమ్ హుడ్, అన్నిటికన్నా ముఖ్యంగా ఓపికున్న ఒక మనిషి కావాలి, ఆ మనిషి పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోయాక యంత్రం మీద గుడ్డ కప్పి ఉంచిన ల్యాబులు నేను చూశాను.

ఇక ఆన్‌లైన్‌లో బీపీసీ-157, సెమాగ్లుటైడ్ లాంటి పేర్లతో, అందమైన చిన్న వయల్స్‌లో, పరిశోధనకి మాత్రమే అని కింద చిన్నగా రాసి అమ్మే సైట్లు. వాళ్ల 99 శాతం స్టిక్కర్ చూసి ల్యాబ్‌కి కూడా చవగ్గా వస్తుందని తెప్పించేవాళ్లున్నారు. నేను వద్దంటాను, ఎవరు చేశారో తెలియని సరుకుతో వచ్చిన డేటాని రివ్యూయర్ ముందు నిలబెట్టలేరు. ఒంట్లోకి ఎక్కించుకునే ఆలోచనతో అడిగేవాళ్లకి ఒకటే మాట, ల్యాబ్ గ్రేడ్ అంటే మందు గ్రేడ్‌కి ఒక మెట్టు కింద కాదు, అసలు వేరే మెట్లు. మందుగా వాడే పెప్టైడ్‌ని జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాలు) కింద చేస్తారు, లిరాగ్లుటైడ్ లాంటి కొన్నిటికి జెనెరిక్ చేసేవాళ్లు అసలు మందులో లేని కొత్త మలినాన్ని 0.5 శాతం దాటనివ్వకూడదని అమెరికా ఎఫ్‌డీఏ 2021లో చెప్పింది. మనం ఆనందంగా కొనే 95 శాతం సరుకులో ఆ మిగిలిన 5 ఏమిటో ఎవరూ గుర్తించనే లేదు, స్టెరిలిటీ పరీక్ష లేదు. బీపీసీ-157ని అదే ఎఫ్‌డీఏ 2023లో భద్రత సందేహాలున్న పదార్థాల జాబితాలో పెట్టింది.

ఎల్1 గొడవ తప్పించుకోవడం

జెమ్ పోర్టల్ (ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల సైటు) అయినా, మూడు కొటేషన్లయినా, ఎల్1ని తప్పించలేం, స్పెసిఫికేషన్‌ని మాత్రం మనమే రాస్తాం కదా. నేను ఇప్పుడు బరువు అన్న చోట నెట్ పెప్టైడ్ బరువు అని రాస్తాను, కంటెంట్‌ని అమైనో ఆసిడ్ అనాలిసిస్‌తో గానీ నైట్రోజన్ పద్ధతితో గానీ తేల్చాలంటాను. లవణం ఏదో, చివరలు రెండూ ఏవో, 220 దగ్గర నెమ్మది గ్రేడియెంట్‌తో తీసిన ఆ లాట్ క్రొమాటోగ్రామే కావాలని, 1 మిల్లీగ్రాము చొప్పున విడి వయల్స్‌లో ఇవ్వాలని, సరిపోకపోతే తిరిగి చేసివ్వాలని రాస్తాను. ఇంత రాశాక ఎవరు ఎల్1 వచ్చినా నాకు టెన్షన్ లేదు. మొదటిసారి పంపినప్పుడు అకౌంట్స్ నుంచి ఒకాయన ఇన్ని షరతులు ఎందుకమ్మా, కంపెనీలు కోట్ చేయవేమో అన్నారు. ఆయనకి రాళ్ల నెక్లెస్ సంగతే చెప్పాను, నవ్వి సంతకం పెట్టారు.

విడి వయల్స్ ఎందుకంటే ఈ పొడి దూదిలా తేలికగా, స్టాటిక్‌తో గరిటెకి అంటుకుంటూ, గాల్లో తేమని పీల్చేస్తుంది. వానాకాలంలో, అందులోనూ విశాఖలాంటి చోట, ఫ్రీజర్ నుంచి తీసిన వయల్‌ని వెంటనే మూత తీశారంటే లోపల మంచు పట్టినట్టే. అరగంట డెసికేటర్‌లో ఉంచి, గది వేడికి వచ్చాకే తీయండి, 1 మిల్లీగ్రాము వయల్‌లోంచి 0.3 తూచే ప్రయత్నం చేయకుండా మొత్తం అందులోనే కరిగించి, చిన్న చిన్న భాగాలుగా −80లో పెట్టండి. మెథయొనిన్, సిస్టీన్ ఉన్నవాటికి డీఎంఎస్ఓ ద్రావకం వద్దు. ఎల్‌ఎల్-37 లాంటి ధనావేశపు పెప్టైడ్లు పాలీస్టైరీన్ గోడలకి అంటుకుపోతాయి, ఎంఐసీకి పాలీప్రొపిలీన్ ప్లేట్లే వాడండి. వయల్ మీద తారీఖుతో పాటు లాట్ నంబరు, నెట్ కంటెంట్ శాతం, లవణం పేరు మార్కర్‌తో రాసి, సీఓఏని ల్యాబ్ నోట్‌బుక్‌లోనే అంటించేయండి, స్టోర్స్ ఫైల్లోకి వెళ్లిన కాగితం మళ్లీ దొరకదు.